బేరింగ్ సీటుకు 16 మైక్రాన్లు: సడలించాల్సింది డ్రాయింగునా, మార్చాల్సింది మెయింటెనెన్సునా?

బాలానగర్ టర్నర్:
40 మి.మీ. మోటారు షాఫ్టు మీద బేరింగ్ కూర్చునే చోటికి (సీటుకు) డ్రాయింగులో కే6 అనే టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా) అడుగుతున్నారు. అంటే వ్యాసం 40.002 నుంచి 40.018 మి.మీ. వరకు, మొత్తం 16 మైక్రాన్ల (మి.మీ.లో వెయ్యోవంతుల) వెడల్పు. మా సీఎన్‌సీ లేత్ కొత్తగా ఉన్నప్పుడు ముక్కకూ ముక్కకూ తేడా 12 మైక్రాన్లలోనే ఉండేది. ముక్కను తిప్పే స్పిండిల్ బేరింగులు అరిగి ఇప్పుడది 15కు చేరింది. ఇన్సర్ట్ (లోహాన్ని కోసే పలుకు) అరిగేకొద్దీ వ్యాసం పెరుగుతూ పోతుంది కనుక, మునుపు 4 మైక్రాన్లు పెరిగేదాకా ఆఫ్‌సెట్ (పనిముట్టు స్థానాన్ని దిద్దే అంకె) ముట్టుకోకుండా నడిచిన పనిని ఇప్పుడు ఒక్క మైక్రానుకే ఆపి దిద్దుకోవలసి వస్తోంది. డ్రాయింగును కాస్త సడలించమని అడగడం తప్పా?

డిజైన్ బల్ల:
తప్పే. సీటు వదులైతే బేరింగ్ లోపలి రింగు షాఫ్టు మీద జారుతూ తిరిగి సీటును తినేస్తుంది; బిగువు ఎక్కువైతే బేరింగ్ లోపలి క్లియరెన్స్ తగ్గి వేడెక్కుతుంది. కింది హద్దుకూ పై హద్దుకూ కారణముంది. 16ను 12తో భాగిస్తే సీపీ (హద్దుల వెడల్పుకూ యంత్రం తేడాకూ ఉన్న నిష్పత్తి) 1.33 వస్తుంది, 15తో భాగిస్తే 1.07. పడిపోయింది మీ యంత్రం, నా డ్రాయింగు కాదు. మీ స్పిండిల్ బేరింగులు మార్చడానికి బదులు మోటారు బేరింగును బలి పెట్టమంటున్నారు.

కొలతల మనిషి:
ఉష్ణోగ్రత ఊసే ఎవరూ ఎత్తడం లేదు. కొలతలకు ప్రామాణికం 20 డిగ్రీల సెల్సియస్. 40 మి.మీ. ఉక్కు షాఫ్టు దానికంటే 15 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే వ్యాసం దాదాపు 7 మైక్రాన్లు పెరుగుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద మీ 16లో 7 అక్కడే పోయాయి.

నూనె డబ్బా:
మైక్రోమీటరు కూడా ఉక్కుదే కదండీ. రెండూ ఒకే వేడిలో ఉంటే ఆ తేడా చాలావరకు కొట్టుకుపోతుంది.

కొలతల మనిషి:
చక్ (లేత్‌లో ముక్కను పట్టుకునే భాగం) నుంచి అప్పుడే తీసిన ముక్కా, బల్ల మీద ఉన్న మైక్రోమీటరూ ఒకే వేడిలో ఉంటాయని మీకెవరు చెప్పారు? ముక్క చల్లారాక కొలవడం ముందు నేర్పండి.

మూడో షిఫ్టు:
చల్లారేదాకా కూర్చుంటే టార్గెట్ ఎవరిస్తారు సార్?

నూనె డబ్బా:
ఉష్ణోగ్రత సంగతి అలా ఉంచండి. మెయింటెనెన్స్ ప్లాను మనం క్యాలెండరు చూసి రాస్తాం. రాయాల్సింది ఆ యంత్రం మీద నడిచే పనిలో టాలరెన్స్ ఎంత మిగిలిందో చూసి. వారానికోసారి కొత్త ఇన్సర్ట్‌తో వరుసగా కొన్ని ముక్కలు తిప్పి తేడా రాసుకుంటే, అది 13 దాటగానే స్పిండిలుకు తేదీ పెట్టుకోవచ్చు. హద్దుల వెడల్పు 39 మైక్రాన్లున్న హెచ్8 పని మాత్రమే చేసే యంత్రమైతే 15 ఉన్నా కంగారు లేదు, ఇంకా 24 చేతిలో ఉంటాయి. అయితే మా దగ్గర తేదీ పెట్టడం వరకే నా పని. నెలాఖరు డిస్పాచ్ ఉందని యజమాని యంత్రాన్ని ఆపనివ్వడు, ఆ తర్వాత అది తనంతట తానే ఆగితే తిట్లు నాకు.

డిజైన్ బల్ల:
మొదటి నుంచీ నేనంటున్నదీ ఇదే.

బాలానగర్ టర్నర్:
మీరన్నది ఇది కాదు. ప్రతి హద్దుకూ కారణముందన్నారు. మాకిచ్చిన డ్రాయింగులో బేరింగ్ పక్కనున్న కాలరు (షాఫ్టు మీది గట్టు) బయటి వ్యాసానికి కూడా కే6 లాంటి బిగువైన హద్దే, హెచ్6 రాశారు. దాని మీద ఏదీ తొడగరు, దేనికీ తగలదు. జనరల్ టాలరెన్స్ (విడిగా హద్దు రాయని కొలతలకు వర్తించేది) ప్రకారం 0.3 మి.మీ. అటూ ఇటూ ఉన్నా చాలు. ఎందుకని అడిగితే పాత డ్రాయింగులో అలాగే ఉందన్నారు. పోయిన దీపావళి ముందు ఆ కాలరే 3 మైక్రాన్లు తగ్గిందని లాటు మొత్తం వెనక్కి పంపి డెబిట్ నోట్ (మా బిల్లులో డబ్బు కోసే కాగితం) చేతిలో పెట్టారు. ఆ డబ్బుతో స్పిండిల్ బేరింగులు వచ్చేవి. ఇప్పుడు మీరు వచ్చి యంత్రం బాగు చేసుకోమని మాకు పాఠం చెబుతున్నారు!

డిజైన్ బల్ల:
ఆ కాలరును నేను సమర్థించడం లేదు. కాని డిజైన్ ఆఫీసులో పరిస్థితి కూడా తెలుసుకోండి. ఉన్న హద్దును సడలిస్తే, రేపు ఎక్కడ ఏ మోటారు చెడినా ఆ మార్పు కింద సంతకం ఎవరిదని వెతుకుతారు. బిగించి వదిలేసిన వాణ్ణి ఇంతవరకు ఒక్కరూ పిలిచి అడగలేదు.

నూనె డబ్బా:
ఈ ముక్క ఇప్పుడు చెప్పారా!

బాలానగర్ టర్నర్:
బిగించిన వాడికి ఖర్చు లేదు, కొనేవాడికి లేదు. ఇన్సర్టులు త్వరగా మార్చేది, యంత్రం ఆపుకునేది, రిజెక్షన్ మోసేది మేము. కే6ను ఉంచండి, దానికి స్పిండిల్ మార్చడానికి నేను సిద్ధమే. దాని ఖర్చు ముక్క రేటులో ఎందుకు ఉండదన్నదే నా గొడవ.

డిజైన్ బల్ల:
అలాగైతే మీ కొనుగోలుదారుకు రెండు రేట్లు రాసి పంపండి, కాలరుకు హెచ్6 అయితే ఒకటి, జనరల్ టాలరెన్స్ అయితే ఒకటి. తేడా రూపాయల్లో కనబడితే డిజైన్ వాళ్లను అడిగే పని పర్చేజ్ వాళ్లే చేస్తారు. కే6 జోలికి మాత్రం వెళ్లకండి.

బాలానగర్ టర్నర్:
పంపుతాను. స్పిండిల్ విప్పిన రోజులకు ఆలస్యపు పెనాల్టీ వేయబోమని వాళ్లు రాసిస్తారా?

డిజైన్ బల్ల:
డెలివరీ షరతులు డిజైన్ చేతిలో ఉండవు.