కమతంలో మిగిలిన విభజనల హక్కు ఎవరికి చెందాలి?

ఓ చిన్న ఊరి జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చో చెప్పేవి), లేఅవుట్ నిబంధనలను తిరగరాసే కమిటీలో ఉన్నాను. పాత నిబంధన ప్రకారం పొలాన్ని 5 ప్లాట్లు, ఆపైన చేస్తేనే లేఅవుట్ అనుమతి తీసుకోవాలి, రోడ్డూ మురుగుకాలువా వేయాలి. దాంతో ఈ ఏడాది 4, వచ్చే ఏడాది ఇంకో 4. చివరికి 12 అడుగుల మట్టిబాట మీద వరసగా ఇళ్లు. ఫైరింజన్ లోపలికి వెళ్తే తిప్పుకునే చోటుండదు.

పరిమితిని 3కి దించి చూశాం, రెండేసి చొప్పున కోశారు. ఒక యజమాని అయిదేళ్లలో చేసిన విభజనలన్నీ కలిపి లెక్కగడితే, బావమరిది పేరున రాయించి మళ్లీ మొదలుపెట్టారు. తెలివికి కొదవేం లేదు.

ఇప్పుడు ముసాయిదాలో లెక్కను మనిషికి కాక భూమికి ముడిపెట్టాం: నిర్ణీత తేదీ నాటికున్న కమతమే ఆధారం, తర్వాత ఎన్ని చేతులు మారినా అనుమతి లేకుండా మొత్తం 4 ప్లాట్లే. చిక్కల్లా ఇక్కడే. అందులో ముక్కలు కొన్నవాళ్లు ముగ్గురుంటే, ముందు దరఖాస్తు పెట్టినవాడు కోటా మొత్తం ఎగరేసుకుపోతాడు. విస్తీర్ణాన్ని బట్టి పంచుదామంటే ఒక్కొక్కరికి ఒకటింపావు, ముప్పావు వస్తున్నాయి.

ఇలాంటి నిబంధన అమలు చేసినవాళ్లు చెప్పండి: మిగిలిన విభజనల హక్కు ఏ ముక్కకు చెందుతుందో మీరు ఎలా తేల్చారు?