కల్లు ఫొటో పడగానే తల కదులుతోంది, ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడు పనితీరు చూపే స్కాన్) డేటాను ఎలా కాపాడుకోవాలి?

వరంగల్ చుట్టుపక్కల ఊళ్ల అన్నదమ్ముల జంటలను స్కాన్ చేస్తున్నాం. ఒకరు అల్ప్రాజోలం (మత్తు మందు) కలిపిన కల్లుకు అలవాటు పడ్డవారు, ఇంకొకరు అసలు ముట్టనివారు. సొంత అన్నదమ్ములకు సగటున సగం జన్యువులు ఉమ్మడి, పెరిగిన ఇల్లూ ఒకటే. బయటివాళ్లతో పోలిస్తే ఇద్దరిలోనూ ఉన్న తేడా అలవాటుకు ముందటిదై ఉండొచ్చు, తాగేవారిలోనే ఉంటే వాడకం వల్ల వచ్చిందై ఉండొచ్చు.

స్కానర్ 3 టెస్లా, టీఆర్ (మెదడు మొత్తాన్ని ఒకసారి తీయడానికి పట్టే సమయం) 2 సెకన్లు, 240 వాల్యూములు (అలా తీసిన బొమ్మలు). బ్లాకుల వారీగా చూపిస్తున్నాం: కల్లు లొట్టి ఫొటోలు 20 సెకన్లు, ప్లస్ గుర్తు 20, మజ్జిగ చెంబు ఫొటోలు 20, మళ్లీ ప్లస్ గుర్తు 20.

లొట్టి కనబడగానే తాగేవారు గుటక వేస్తున్నారు. గదువ దిగి తల ముందుకు ఒరుగుతోంది, దాదాపు 0.7 మిల్లీమీటర్లు. ముట్టనివారిలో ఇది లేదు. అంటే కదలిక సరిగ్గా టాస్క్‌తోనే నడుస్తోంది.

ఫోమ్ మెత్తలు, నుదుటికి టేపు, డమ్మీ స్కానర్‌లో ప్రాక్టీసు అన్నీ అయ్యాయి. 24 మోషన్ రిగ్రెసర్లు (కదలిక ప్రభావాన్ని లెక్కలో తీసేసే కొలతలు) పెడితే వెంట్రల్ స్ట్రయేటం (మెదడులో కోరికకు, ప్రతిఫలానికి సంబంధించిన భాగం) సిగ్నల్ పోతోంది. తీసేస్తే మెదడు అంచు చుట్టూ ఉంగరంలా యాక్టివేషన్, అది కదలికే. 0.5 మిల్లీమీటర్ల దగ్గర స్క్రబ్బింగ్ (అంతకు మించి కదిలిన బొమ్మలను తీసేయడం) చేస్తే పోయేవన్నీ కల్లు బ్లాకులే.

స్కాన్ ఆఖరి సీసా తర్వాత 12 గంటలకు. ముందుకు జరిపితే మత్తు, వెనక్కి జరిపితే వణుకు, ఫిట్స్ భయం. అది మార్చం.

ఈ బ్లాక్ డేటాకు ఐసీఏ-అరోమా (కదలిక వల్ల వచ్చిన సిగ్నల్‌ను గుర్తించి తీసేసే సాఫ్ట్‌వేర్) సరిపోతుందా, ఈవెంట్-రిలేటెడ్‌కు (ఫొటోలను బ్లాకులుగా కాక విడివిడిగా చూపే పద్ధతికి) మార్చి మళ్లీ స్కాన్ చేయాల్సిందేనా?