పాకాల దగ్గర పెంకుటింట్లో చెక్క ట్రస్సు కుంగింది: కింద స్తంభం కట్టవచ్చా?

పాకాల పెంకుటిల్లు:
నిన్న సాయంత్రం నుంచి ఇదే పని మీద కూర్చున్నాను. వీడియోలు చూసి చూసి కళ్లు మండుతున్నాయే తప్ప పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు. పాకాల దగ్గర మా తాతగారు కట్టించిన పెంకుటింట్లో హాలు మీది చెక్క ట్రస్సు (కప్పును మోసే త్రికోణపు చట్రం) నడుమ కుంగింది. వచ్చి చూసిన మేస్త్రీల్లో ఒకాయన దాని కింద ఇటుక స్తంభం కట్టేస్తే సరిపోతుందంటున్నారు. ఇంకొకాయన చెక్కంతా పీకేసి, ఇనుప గొట్టాలు నిలిపి, రేకులు పరచమంటున్నారు. రేకుల వేడికి మా అమ్మ తట్టుకోలేరు కాబట్టి ఆ ముచ్చట వద్దు. స్తంభం కట్టవచ్చా, కట్టకూడదా? అవునో కాదో చెప్పండి, చాలు.

కొర్లగుంట సివిల్:
గోడకూ గోడకూ ఎడం ఎంత? పెంకులు ఏ రకం? ట్రస్సులు ఎన్ని? కుంగింది కప్పా, అడ్డదూలమా? ఇవి తెలియకుండా అవునని గానీ కాదని గానీ ఎవరూ చెప్పలేరు.

కోటగడప:
ఈ చెక్క బాధలన్నీ మనం కొని తెచ్చుకున్నవే. చంద్రగిరి కోటలో రాజమహల్‌ను ఒకసారి వెళ్లి చూడండి. మూడంతస్తుల ఆ కట్టడాన్ని రాయి, ఇటుక, సున్నంతోనే లేపారు, చెక్క జోలికి పోలేదు. అంత వెడల్పు గదులను కమానులతో కప్పగలిగినవాళ్లకు ట్రస్సులతో పనేమిటి? చెక్కకు చెద భయం, నిప్పు భయం, వాన భయం. సున్నపు గచ్చుకు ఇవేవీ లేవు. ఆ విద్యను వదులుకున్నాం కాబట్టే ఇప్పుడు స్తంభాల కోసం వెతుక్కుంటున్నాం.

పాకాల పెంకుటిల్లు:
కోటగడప గారూ, నేను కోట కట్టడం లేదు, ఉన్న ఇల్లు నిలబెట్టుకోవాలని చూస్తున్నాను. సివిల్ గారికి జవాబు: ఎడం 22 అడుగులు, మంగళూరు పెంకులు, మూడు ట్రస్సులు, పది అడుగులకు ఒకటి. మధ్యది మాత్రమే కుంగింది. ‘కప్పా, దూలమా’ అన్న ప్రశ్న నాకు అర్థం కాలేదు. రెండూ ఒకటే కదా?

ఉలిబాడిస:
రెండూ ఒకటి కావు నాయనా, నీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. అడుగున గోడ నుంచి గోడకు పోయేది అడ్డదూలం. దాని రెండు కొనల నుంచి పైకి ఏటవాలుగా లేచి శిఖరం దగ్గర కలిసేవి వాలు దూలాలు. ఈ మూడూ కలిసి త్రికోణం అవుతాయి. నాలుగు కట్టెలను చతురస్రంగా మేకులు కొట్టి నెడితే పక్కకు వాలిపోతుంది. త్రికోణం మాత్రం కట్టె విరిగితేనో, కీలు ఊడితేనో తప్ప ఆకారం మారదు. పెంకుల బరువు వాలు దూలాలను కిందికి నొక్కితే వాటి కాళ్లు బయటికి జారాలని చూస్తాయి, గోడలను తోస్తాయి. ఆ రెండు కాళ్లనూ జారకుండా పట్టి ఉంచేది అడ్డదూలం. అంటే దాని అసలు పని బరువు మోయడం కాదు, లాగుడుకు తట్టుకోవడం.

ఇక నడిమి గుంజ, అదే కింగ్ పోస్టు. చూసేవాళ్లకు అది దూలం మీద నిలబడి శిఖరాన్ని మోస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది శిఖరం నుంచి వేలాడుతూ, అడ్డదూలం నడుమ కుంగకుండా పైకి పట్టి ఉంచుతుంది. వాలు దూలాల మధ్యభాగాన్ని ఆనించే చిన్న ఏటవాలు కట్టెల అడుగు కూడా ఆ గుంజ పాదం మీదే ఉంటుంది. కాబట్టి నువ్వు నిచ్చెన వేసుకుని ఎక్కి, గుంజ పాదం దగ్గర ఇనుప పట్టీ ఉందో లేదో చూడు. బయటికి వచ్చి, కాస్త దూరం నుంచి ఇంటి నడికొప్పు వరుస తిన్నగా ఉందో, ఒంగిందో అది కూడా చూసి చెప్పు.

చేవకట్టె:
ఉలిబాడిస ఆచారిగారు తొందరపడుతున్నారు. మన వైపు పాత ఇళ్లలో ఉన్నవాటిలో చాలావరకు ట్రస్సులే కావు. బలమైన దూలం ఒకటి వేసి, దాని నడుమ నిట్రాడు నిలిపి, దాని తలపై మొగరం, అంటే శిఖరం వెంబడి పోయే దూలం, మోపేవారు. అక్కడ దూలం నిజంగానే బరువు మోస్తుంది, గుంజ నిజంగానే నిలబడుతుంది. దాన్ని ట్రస్సు అనడం తప్పు.

ఉలిబాడిస:
నేల నుంచి లేచేదే నిట్రాడు. దూలం మీద నుంచి లేచేదాన్ని మా ఇంట్లో ఎవరూ అలా అనలేదు. పేరు ఎలా ఉన్నా, మీరు చెప్పిన తేడా మాత్రం నిజమే. అది తేలడానికే పట్టీ చూడమన్నాను. పాదం కింద నుంచి దూలాన్ని చుట్టి పట్టుకున్న పట్టీ ఉంటే అది వేలాడే గుంజ. పట్టీ లేకుండా గుంజను దూలంలో దిగేసి ఊరుకుంటే అది మీరన్న పద్ధతి.

చేవకట్టె:
మా తాతల నాటి నుంచి నిట్రాడు అనే అంటున్నాం. సరే, వదిలేద్దాం. అసలు ఆ చెక్క ఏమిటో ఎవరూ అడగలేదు. టేకు అని చెప్పి మద్ది, ఏగిస వేసిన ఇళ్లు బోలెడు. టేకే అయినా చేవ (లోపలి గట్టి చెక్క) ఎంత, తెల్లచెక్క (బెరడు వైపు మెత్తటి చెక్క) ఎంత అన్నది చూడాలి. చెద మొదట తినేది తెల్లచెక్కనే. దూలం కొనలు గోడలో దిగే చోట చుట్టూ మట్టి మెత్తి గాలి ఆడకుండా మూసేస్తారు, అక్కడ చెమ్మ చేరి చేవ కూడా మెత్తబడుతుంది. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మొన సులువుగా దిగిందంటే లోపల పుచ్చిపోయినట్టే.

షెడ్డుపని:
ఇన్ని పరీక్షల బదులు ఇనుము వేసుకుంటే ఒక్కసారితో పోతుంది.

పాకాల పెంకుటిల్లు:
ఎక్కి చూశాను. గుంజ పాదం దగ్గర యూ ఆకారంలో ఇనుప పట్టీ ఉంది, తుప్పు పట్టింది. పట్టీ పక్కల్లో, గుంజలో ఎదురెదురుగా ఒక పొడుగు రంధ్రం ఉంది, అందులో ఏమీ లేదు. గుంజ పాదానికీ దూలానికీ మధ్య నా చిటికెన వేలు దూరేంత సందు ఉంది. బయటి నుంచి నడికొప్పు తిన్నగానే ఉంది. దారం కట్టి చూస్తే దూలం మాత్రం నడుమ అంగుళంన్నర దిగింది. అటక మీద చెనక్కాయల బస్తాలు అడ్డంగా ఉండడంతో ఒక కొన సరిగ్గా కనబడలేదు.

కొర్లగుంట సివిల్:
ఏ అటక?

పాకాల పెంకుటిల్లు:
ట్రస్సుల అడ్డదూలాల మీద పలకలు పరిచి చేసిన అటక. మధ్య ట్రస్సుకు అటూ ఇటూ ఉంది. ముప్పై బస్తాల దాకా ఉంటాయి. అవి నాన్న కాలం నుంచీ ప్రతి ఏడూ అక్కడే పెడతాం కాబట్టి వేరే చెప్పలేదు.

కొర్లగుంట సివిల్:
బస్తాలు ఈరోజే దింపండి. కారణం ఇదీ.

22 అడుగుల ఎడం, పది అడుగుల వరుస, వాలు 30 డిగ్రీలు అనుకుంటే ఒక్కో ట్రస్సుకు ఇరవై మూడు, ఇరవై నాలుగు చదరపు మీటర్ల కప్పు వస్తుంది. మంగళూరు పెంకులకు రీపర్లతో (పెంకుల కింది సన్న కట్టెలతో) కలిపి చదరపు మీటరుకు దాదాపు 65 కిలోలు వేసుకుంటాం. అంటే ఒక్కో ట్రస్సు మీద పెంకులే ఒకటిన్నర టన్ను. కింగ్ పోస్టు ట్రస్సు 5 నుంచి 8 మీటర్ల ఎడానికి తగినది, మీది 6.7 మీటర్లు, కాబట్టి పెంకుల వరకు అది చేయవలసిన పనే చేస్తోంది. కప్పు బరువు పర్లిన్ల (ట్రస్సు నుంచి ట్రస్సుకు అడ్డంగా పోయే కట్టెల) ద్వారా కీళ్ల దగ్గరే దిగేలా ఏర్పాటు చేస్తే ప్రతి కట్టెకూ లాగుడో నొక్కుడో మాత్రమే ఉంటుంది, వంగుడు ఉండదు. అందుకే సన్నటి కట్టెలతో అంత వెడల్పు దాటగలం.

బస్తాకు 40 కిలోల చొప్పున ముప్పై బస్తాలు 1,200 కిలోలు. రెండు వైపుల పలకలూ మధ్య ట్రస్సుకు ఆనుతాయి కాబట్టి అందులో సగం, అంటే 600 కిలోలు, దానిదే. చివరి రెండు ట్రస్సులకూ చెరి 300. మధ్యది ఒక్కటే కుంగింది ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా. పైగా ఆ బరువు కీళ్ల దగ్గర కాక, దూలం పొడవునా పడుతోంది. లాగుడుకు వేసిన కట్టె ఇప్పుడు వంగుడు కూడా భరిస్తోంది. నడుమ పైకి పట్టవలసిన పట్టీ వదులై, 11 అడుగుల చొప్పున రెండు భాగాలుగా పనిచేయవలసిన దూలం ఒక్క 22 అడుగుల దూలంగా పనిచేస్తోంది.

ఇటుక స్తంభం కట్టకండి. ముందుగా, కింద పునాది ఉండదు. గచ్చు నేల మీద కట్టిన స్తంభం బరువు పడగానే దిగుతుంది. అది దిగకపోతే ఇంకో చిక్కు ఉంది. వేలాడవలసిన గుంజ కిందనుంచి ఆనిక దొరికి శిఖరాన్ని పైకి నెట్టడం మొదలుపెడుతుంది. శిఖరం దగ్గరి కీలును లాగుడుకు తగ్గట్టు చెక్కారు. నెడితే అది విచ్చుకుంటుంది.

ఉలిబాడిస:
ఆ ఖాళీ రంధ్రం చీలల కోసం. ఎదురెదురుగా రెండు ఇనుప చీలలు దిగగొడితే పట్టీ పైకి బిగుసుకుని దూలాన్ని గుంజ పాదానికి పట్టేస్తుంది. అవి ఎప్పుడో రాలిపోయాయి.

బస్తాలు దింపాక కొన్నాళ్లు ఆగు. ఏళ్ల తరబడి ఒంగిన చెక్క బరువు తీసినంతనే పూర్తిగా తిన్నగా రాదు. కొంత వంపు అలాగే ఉండిపోతుంది. తరువాత దూలం కింద రెండు చోట్ల, నేల మీద వెడల్పాటి పలకలు వేసి, స్క్రూ జాకీలు పెట్టి, రోజుకు కొంచెం చొప్పున లేపాలి. చెక్క చిటపటమని శబ్దం చేస్తే అక్కడితో ఆపాలి. సందు మూసుకున్నాక పాత పట్టీ తీసి కొత్తది వేసి చీలలు బిగించి, జాకీలను నెమ్మదిగా వదలాలి. ఒక్కరోజులో లేపేస్తానన్న వాళ్లకు ఈ పని అప్పగించవద్దు.

కొర్లగుంట సివిల్:
జాకీ పెట్టడానికి ముందు వాలు దూలం అడ్డదూలంలో దిగే కొన చూడండి. అక్కడ గాడి చెక్కి ఉంటుంది. ఆ గాడి అడుగు నుంచి దూలం చివరి వరకు పీచు వెంబడి తిన్నగా పగులు ఉంటే అది ప్రమాదం. వాలు దూలం కాలు ఆ ముక్కను తోసుకుంటూ బయటికి పోతుంది. దూలం ఒంటి మీద అక్కడక్కడ పొడుగ్గా కనిపించే సన్న పగుళ్లు ఎండినప్పుడు వచ్చేవి, వాటితో భయం లేదు.

చేవకట్టె:
కొత్త ముక్క అతకవలసి వస్తే పచ్చి చెక్క వేయకండి. ఎండేకొద్దీ అడ్డంగా కుదించుకుపోయి కీళ్లన్నీ వదులవుతాయి. కూల్చిన ఇళ్ల నుంచి వచ్చే పాత టేకు తీసుకోండి, కానీ మేకుల రంధ్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి మరీ తీసుకోండి.

కోటగడప:
కమానుకు చీలలు రాలిపోవు. అంతే నేను చెప్పేది.

ఉలిబాడిస:
కమాను తోపుడుకు గోడ బాగా మందం కావాలి సామీ. ఆయన గోడలు ఎంత మందమో అడిగారా?

పాకాల పెంకుటిల్లు:
బస్తాలు దింపించాము, మంచిది. పగులు సంగతి ఒక కొనకు లేదు. రెండో కొన గోడలో మట్టి మెత్తి ఉంది, తవ్వించాలి. ఒక్క మాట: బస్తాలను అటక మీద గోడల పక్కకు జరిపి పెట్టుకోవచ్చా?

కొర్లగుంట సివిల్:
వద్దు. గోడ దగ్గర వంగుడు తగ్గే మాట నిజమే గానీ, ఈ ఏడు పక్కకు పెట్టినవి వచ్చే ఏడు నడిమికి వస్తాయి. నేల మీద బల్ల వేసి పెట్టుకోండి.

పాకాల పెంకుటిల్లు:
సరే.