బాల్ పైథాన్ గుడ్లకు థర్మాకోల్ డబ్బా చాలా, మెషీన్ కొనాలా?

కిరణ్_హెచ్ఎస్ఆర్
బెంగళూరులో ఉంటాం. మా బాల్ పైథాన్ (పెంపుడు ఆఫ్రికా కొండచిలువ) నిన్న రాత్రి గుడ్లు పెట్టింది. ఆరు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. ఒకటి పసుపు రంగులో చిన్నగా ఉంది, అది పనికిరాదనుకుంటా. రెడీమేడ్ ఇంక్యుబేటర్ (గుడ్లు పొదిగే మెషీన్) 20 వేల పైమాటే అంటున్నారు. చేపల మార్కెట్‌లో దొరికే థర్మాకోల్ డబ్బా, హీట్ కేబుల్, ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే థర్మోస్టాట్‌తో (వేడిని అదుపులో ఉంచే పరికరం) పనవుతుందా? నాన్నగారి కోడిగుడ్ల మెషీన్ కూడా ఖాళీగా ఉంది.

సుధ_మారతహళ్లి
కోడిగుడ్ల మెషీన్ జోలికి పోవద్దు. అది 37.5 డిగ్రీల దగ్గర నడుస్తుంది, పైగా గుడ్లను తిప్పుతుంది. పాము గుడ్డును అలా తిప్పితే లోపలి పిండం చచ్చిపోవచ్చు. ఇప్పుడే పైన పెన్సిల్‌తో గుర్తు పెట్టండి, ఆ గుర్తు చివరిదాకా పైకే ఉండాలి. డబ్బా శుభ్రంగా సరిపోతుంది. అందులో వర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే ఖనిజపు పొట్టు), దాని బరువుకు సమానంగా నీళ్లు. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చుక్క కారకూడదు. 31.5 పెట్టండి. అడుగున నీళ్ల సీసాలు పేరిస్తే కరెంటు పోయినా వేడి కొంతసేపు నిలుస్తుంది. 55-60 రోజులు ఓపిక పట్టాలి.

రంగనాథ్_జేపీనగర్
డబ్బా చాలనడం తేలికే. ఆ చవక థర్మోస్టాట్లలో రిలే (హీటర్‌ను ఆన్-ఆఫ్ చేసే స్విచ్) అతుక్కుపోతే హీటర్ ఇక ఆగదు. నాకే జరిగింది. పొద్దున చూస్తే లోపల 41. గుడ్లన్నీ ఉడికిపోయాయి.

కప్పల_కళ్యాణ్
టిఫిన్ చేయకుండా ఈ థ్రెడ్‌లోకి రావడం నాదే తప్పు.

వేళచేరి_వాసు
మీరిద్దరూ వేడి ఎలా పుట్టించాలని కొట్టుకుంటున్నారు. చెన్నైలో మే నెలలో మాకు వేడి ఎలా దించాలన్నదే టెన్షన్. గదే 36 ఉంటే హీటర్ మాత్రమే ఉన్న పెట్టె 31.5కి ఎలా దిగుతుంది? వెయ్యి రూపాయలదైనా అంతే, 50 వేలదైనా అంతే. ఎస్టీసీ-1000 అనే థర్మోస్టాట్‌లో హీటింగ్‌కు ఒక రిలే, కూలింగ్‌కు ఒక రిలే ఉంటాయి. నేను కూలింగ్ వైపు పాత చిన్న ఫ్రిజ్‌ను తగిలించాను, గుడ్లు అందులోనే.

సుధ_మారతహళ్లి
వాసు గారూ, ఆయన అడిగింది బెంగళూరు సంగతి.
రంగనాథ్ గారూ, రిలే భయం ఉంటే రెండో థర్మోస్టాట్‌ను సీరీస్‌లో (మొదటిదాని వెనకే అదే లైనులో) పెట్టి 33 దగ్గర కట్ అయ్యేలా చేస్తే సరి. కొన్ని వందలతో పోతుంది.

రంగనాథ్_జేపీనగర్
రెండోది కూడా అతుక్కుంటే?

సుధ_మారతహళ్లి
రెండూ ఒకే రాత్రా? అంత దురదృష్టం ఉంటే మీ 20 వేల మెషీన్ కూడా కాపాడదు. దాని లోపలా రిలేనే ఉంటుంది, విప్పి చూడండి.

రంగనాథ్_జేపీనగర్
మీరు విప్పి చూశారా? ఏ కంపెనీది?

మడివాల_మధు
మా కార్న్ స్నేక్ గుడ్లకు 27-28 చాలు, ఇక్కడ వేసవిలో హీటర్ పెద్దగా ఆన్ కూడా కాదు. బాల్ పైథాన్‌కు మాత్రం అలా కుదరదు లెండి.

సుధ_మారతహళ్లి
ఏ కంపెనీదో నన్నెందుకు అడుగుతారు? ఆ మెషీన్లు తెప్పించి అమ్మేది మీరేగా. ఆ ముక్క చెప్పి సలహా ఇస్తే బాగుండేది.

రంగనాథ్_జేపీనగర్
అమ్ముతాను, నా ప్రొఫైల్‌లోనే రాసుంది. మీరేం అమ్ముతారో కూడా చెప్పండి మరి. మీ దగ్గర కొన్న పాము పిల్లకు కాగితం అడిగితే ఈరోజుకీ జవాబు లేదు.

సుధ_మారతహళ్లి
మీరు కొన్నది 2023 జనవరిలో. ఇలాంటి విదేశీ జీవులను నమోదు చేయాలంటూ వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ అమల్లోకి వచ్చింది 2023 ఏప్రిల్ 1న. లేని కాగితం ఎక్కడి నుంచి తేను?

రంగనాథ్_జేపీనగర్
2024లో నియమాలు వచ్చాక ఉన్నవాటిని కూడా కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయమన్నారు కదా. ఎక్కడి నుంచి వచ్చిందంటే నేనేం చూపించాలి? ఒక్క వాట్సాప్ మెసేజ్ పెట్టడానికి మీకు చేతులు రాలేదు.
అసలు మాట చెప్తాను. నా బాధ రిలే గురించి కాదు. వెయ్యి రూపాయల్లో పొదిగించడం ఎలాగో అందరికీ నేర్పుతున్నారు, రేపు ప్రతి పీజీ గదిలోనూ పిల్లలు పుడతాయి. పాతికేళ్లు, ముప్పై ఏళ్లు బతికే జీవి. ఎవరు పెంచుతారు? ఉద్యోగం మారగానే లేఅవుట్ పార్కులో వదిలేస్తారు. జనం మన కొండచిలువ పిల్ల అనుకొని రెస్క్యూ వాళ్లకు ఫోన్ చేస్తారు, లేదంటే కర్ర తీస్తారు.

సుధ_మారతహళ్లి
అంటే 20 వేలు పెట్టగలిగినవాడికే బుద్ధి ఉంటుందనా? పార్కుల్లో వదిలేసేది ఎక్కువగా లక్షలు పోసి మార్ఫ్‌లు (అరుదైన రంగుల రకాలు) కొన్నవాళ్లే, నేను చూశాను. అయినా గుడ్లు పెట్టేసింది. ఇప్పుడు ఆయన్నేం చేయమంటారు?

రంగనాథ్_జేపీనగర్
పెంచలేనప్పుడు మొదటి రోజుల్లోనే గుడ్లను ఫ్రీజర్‌లో పెట్టేయడం కొత్త పద్ధతేమీ కాదు. మీకూ తెలుసు.

కప్పల_కళ్యాణ్
అబ్బా.

సుధ_మారతహళ్లి
ఆరు గుడ్లకు ఆరుగురు మనుషులు ముందే సిద్ధంగా ఉంటే?

రంగనాథ్_జేపీనగర్
ఉన్నారేమో ఆయన్నే అడగండి. ఇంతవరకు మీరు అడగలేదు, నేనూ అడగలేదు.

కిరణ్_హెచ్ఎస్ఆర్
ఇద్దరు తీసుకుంటామన్నారు. తల్లికి నమోదు ఉంది. మగది మాత్రం ఫ్రెండ్‌ది, జత కట్టించడానికి తెచ్చాను. దాని కాగితాలు నేను చూడలేదు. అవి కూడా కావాలా?

రంగనాథ్_జేపీనగర్
పుట్టిన పిల్లల్ని కూడా పోర్టల్‌లో చూపించాలి బాబూ. తండ్రి ఎవరంటే ఏం రాస్తావు? ముందు ఆ ఫ్రెండ్‌కు ఫోన్ చెయ్యి.

సుధ_మారతహళ్లి
ఈ ఒక్క విషయంలో ఆయన చెప్పినట్టు చేయండి.

కిరణ్_హెచ్ఎస్ఆర్
చేశాను, ఎత్తట్లేదు. డబ్బా ఖాళీగా నడిపి చూస్తే 31.4 దగ్గర నిలిచింది, గుడ్లు పెట్టేశాను. రెండో థర్మోస్టాట్ రేపు తెస్తాను.

వేళచేరి_వాసు
థర్మోస్టాట్ ప్రోబ్ (వేడిని కొలిచే తీగ) డబ్బా గోడకు అంటించకు తమ్ముడూ, గుడ్ల పక్కనే పెట్టు. లేకపోతే ఆ 31.4 అబద్ధం.