పాపిడి వెడల్పవుతోంది, గడ్డం కింద వెంట్రుకలు మొలుస్తున్నాయి: ఇది ఏ హార్మోను పని?

ప్రశ్న: మధురవాడ అమ్మాయి

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 27. విశాఖపట్నం మధురవాడలో ఉంటూ రుషికొండ వైపు ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. ఏడాదికి పైగా నా జుట్టు పలచబడుతూ వస్తోంది. దువ్వెనకు గుప్పెళ్లకొద్దీ ఊడిరావడం లేదు గానీ, పాపిడి మాత్రం మెల్లగా వెడల్పై, ఎండలో నిలబడితే నడినెత్తి చర్మం కనిపించే దాకా వచ్చింది. నుదుటి దగ్గరి అంచు ఎప్పటిలాగే ఉంది. దాదాపు ఇదే కాలంలో గడ్డం కింద, దవడల పక్కన నల్లటి గట్టి వెంట్రుకలు మొలవడం మొదలైంది. నెలసరి ఒక్కోసారి రెండు నెలలు దాటితే గాని రావడం లేదు. నడుము చుట్టూ బరువు కూడా పెరిగింది.

ఇదంతా మా అపార్ట్‌మెంటు బోరు నీళ్ల వల్లేనని అమ్మ అంటోంది. నగరంలోని ఒక హెయిర్ క్లినిక్‌కు వెళితే, ఒక్క రక్తపరీక్ష కూడా అడగకుండా, నెత్తిని కెమెరాతో చూసి "హార్మోన్ల తేడా" అని చెప్పి, బయోటిన్ మాత్రలు, తలకు ఇంజెక్షన్లు కలిపిన ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. డబ్బు కట్టే ముందు విషయం అర్థం చేసుకుందామని ఇక్కడ అడుగుతున్నాను. తేడా వచ్చింది ఏ హార్మోనులో? తల మీద పోయే జుట్టు ముఖం మీద ఎందుకు మొలుస్తుంది? ముందుగా ఏ డాక్టరును కలవాలి?

జవాబు: గాజువాక గృహిణి

అమ్మాయీ, ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకో. నాకు నలభై దాటాక జుట్టు పీచులా పొడిబారి, తల అంతటా పలచబడింది; కనుబొమల బయటి చివరలు కూడా తగ్గిపోయాయి. అలసట, మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం కూడా తోడైతే వయసు ప్రభావమనుకున్నారు అందరూ. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే హార్మోను) బాగా పెరిగి ఉందని తేలింది. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాక నీరసం త్వరగానే పోయింది గానీ జుట్టు తేరుకోవడానికి చాలా నెలలు పట్టింది. ఆ మాత్రను పరగడుపున నీళ్లతోనే వేసుకుని, కనీసం అరగంట దాకా కాఫీ కూడా తాగకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలు వాడేవారు వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం పాటించాలి. ఈ సంగతి మందుల దుకాణంలో చాలామందికి చెప్పరు. అయితే నాకు ముఖం మీద వెంట్రుకలు రాలేదు కాబట్టి, నీది వేరే దారి అయి ఉండవచ్చు.

జవాబు: చర్మవైద్యురాలు, ఎంవీపీ కాలనీ

పై సోదరి చివరి వాక్యంలో గుర్తించిన తేడాయే ఇక్కడ కీలకం. "హార్మోన్ల తేడా" అన్న మాట రోగనిర్ధారణ కాదు. అది ఇంకా వెతకవలసిన పని ఉందని మాత్రమే చెబుతుంది. జుట్టు ఏ తీరుగా పోతోంది, ఎప్పటి నుంచి పోతోంది, దానితో పాటు ఒంట్లో ఇంకేం మారింది అన్న మూడు విషయాలూ కలిపి చూస్తేనే ఏ హార్మోనును అనుమానించాలో తెలుస్తుంది.

తల మీద ప్రతి వెంట్రుకా రెండు నుంచి ఆరేళ్ల పాటు పెరిగి, కొద్ది వారాల్లో పెరుగుదల ఆపి, ఆపై సుమారు మూడు నెలలు విశ్రాంతిలో ఉండి రాలిపోతుంది. అందుకే రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. ప్రసవం, తీవ్రమైన జ్వరం, శస్త్రచికిత్స, ఉన్నట్టుండి తిండి బాగా తగ్గించేయడం వంటివి జరిగినప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి జారుకుని, రెండు మూడు నెలల తరువాత కుప్పగా రాలతాయి. ఇలా రాలే జుట్టు చూడటానికి భయం గొలుపుతుంది గానీ కుదుళ్లు చెడవు కాబట్టి, కారణం తొలగితే చాలావరకు తిరిగి వస్తుంది. గర్భిణిగా ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ అధికంగా ఉండి రాలవలసిన వెంట్రుకలను కూడా నిలిపి ఉంచుతుంది. కాన్పు తరువాత అది ఒక్కసారిగా పడిపోవడం వల్ల ఆ నిలిచిపోయినవన్నీ కలిసి రాలతాయి. బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి సాధారణంగా సర్దుకునే ఈ సమస్యకు బాలింతలు వేల రూపాయలు ఖర్చు పెట్టడం చూస్తూనే ఉన్నాను.

మీరు వర్ణించినది ఇది కాదు. రాలడం ఎక్కువగా కనబడకుండానే పాపిడి వెడల్పవడం, నుదుటి అంచు మాత్రం నిలిచి ఉండటం స్త్రీలలో ఆండ్రోజెన్ల ప్రభావం వల్ల కుదుళ్లు కుంచించుకుపోయే తీరుకు దగ్గరగా ఉంది. ఆండ్రోజెన్లను పురుష హార్మోన్లంటారు గానీ అవి ప్రతి స్త్రీలోనూ అండాశయాల నుంచి, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి కొద్ది మోతాదులో తయారవుతూనే ఉంటాయి. వాటిలో ముఖ్యమైన టెస్టోస్టిరాన్ కుదుళ్ల దగ్గర డీహెచ్‌టీ అనే మరింత బలమైన రూపంలోకి మారుతుంది. నడినెత్తి కుదుళ్లు ఈ డీహెచ్‌టీకి లోనైతే వాటి పెరుగుదల కాలం తగ్గిపోయి, ఒక్కొక్క వెంట్రుక ముందుకన్నా సన్నగా, పొట్టిగా వస్తుంది. గడ్డం, పెదవి పైభాగం, పొత్తికడుపు దగ్గరి కుదుళ్ల స్వభావం దీనికి సరిగ్గా వ్యతిరేకం. అదే హార్మోను అక్కడి నూగును నల్లటి గట్టి వెంట్రుకలుగా మారుస్తుంది. మీ రెండో ప్రశ్నకు జవాబు ఇదే.

ఇక నెలసరి జాప్యం, నడుము చుట్టూ బరువు కూడా ఉన్నాయి కాబట్టి ముందుగా పీసీఓఎస్‌ను (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అనే హార్మోన్ల సమస్యను) ఆలోచించాలి. ఇందులో చాలామందికి ఇన్సులిన్ సరిగా పనిచేయక, శరీరం దానిని మరింత ఎక్కువగా తయారు చేస్తుంది. ఆ అధిక ఇన్సులిన్ ఒక వైపు అండాశయాల చేత ఎక్కువ ఆండ్రోజెన్లను తయారు చేయిస్తూనే, మరో వైపు ఆ హార్మోన్లను రక్తంలో పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌ను కాలేయం తక్కువగా తయారు చేసేలా చేస్తుంది. ఫలితంగా స్వేచ్ఛగా తిరిగే టెస్టోస్టిరాన్ రెండు విధాలుగానూ పెరుగుతుంది. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా మందంగా మారిందేమో చూసుకోండి. అది మురికి కాదు, రుద్దితే పోదు, ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు.

పీసీఓఎస్ అని నిర్ధారించడానికి 2003లో రోటర్‌డామ్‌లో కుదిరిన ప్రమాణాలను ఇప్పటికీ కొద్ది మార్పులతో పాటిస్తున్నాం. నెలసరి క్రమం తప్పడం, ఆండ్రోజెన్ల ఆధిక్యం, స్కానింగ్‌లో అండాశయాల తీరు: ఈ మూడింటిలో రెండు ఉండాలి, ఇలాగే కనిపించే ఇతర జబ్బులు లేవని కూడా తేలాలి. మొదటి రెండూ స్పష్టంగా ఉన్న వయోజనులకు స్కానింగ్ తప్పనిసరి కాదు. స్కానింగ్ రిపోర్టులో "నీటి బుడగలు" అని రాసి ఉన్నంత మాత్రాన, నెలసరి సక్రమంగా ఉన్న అమ్మాయికి పీసీఓఎస్ ముద్ర వేయడమూ సరికాదు. మన ఊళ్లో ఈ రెండు పొరపాట్లూ విరివిగా జరుగుతున్నాయి.

మీకు అవసరమైన రక్తపరీక్షలు టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ (పాల ఉత్పత్తికి సంబంధించిన హార్మోను), మొత్తం టెస్టోస్టిరాన్‌తో పాటు ఎస్‌హెచ్‌బీజీ, 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ (పీసీఓఎస్‌లాగే కనిపించే, పుట్టుకతో వచ్చే అడ్రినల్ జబ్బును పట్టే పరీక్ష), చక్కెర పరీక్ష, హిమోగ్లోబిన్, ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్. చివరి రెండింటినీ తేలికగా తీసుకోకండి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలోని 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. హార్మోన్ల చికిత్స ఎంత సక్రమంగా చేసినా, ఇనుము నిల్వలు అడుగంటి ఉంటే జుట్టు ఆశించినంతగా కోలుకోదు. బయోటిన్ ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే, పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పండి. పెద్దవారికి రోజుకు కావలసిన బయోటిన్ సుమారు 30 మైక్రోగ్రాములు కాగా, జుట్టు పేరుతో అమ్మే మాత్రల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఉంటుంది. అంత మోతాదు కొన్ని పరీక్షా విధానాలను తప్పుదోవ పట్టించి, లేని థైరాయిడ్ జబ్బును కూడా రిపోర్టులో చూపగలదు. బయోటిన్ లోపం లేనివారికి దానివల్ల జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారమూ లేదు.

ముందుగా గైనకాలజిస్టును గాని, హార్మోన్ల వైద్యుడైన ఎండోక్రైనాలజిస్టును గాని కలవండి, ఆ తరువాతే మా దగ్గరికి రండి. ఖర్చు గురించి ఆలోచించేవారికి ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ హాస్పిటల్‌లో) చర్మవ్యాధులు, ఎండోక్రైనాలజీ విభాగాలు రెండూ ఉన్నాయి. ఒక హెచ్చరిక: గొంతు బొంగురుపోవడం, ముఖంపై వెంట్రుకలు కొద్ది నెలల్లోనే దట్టంగా పెరగడం వంటివి ఉంటే, అరుదుగానే అయినా లోపలి కణితి కారణం కావచ్చు కాబట్టి ఆలస్యం చేయవద్దు.

జవాబు: సీతమ్మధార విశ్రాంత ఉపాధ్యాయుడు

డాక్టరు గారు నీటి సంగతి పూర్తిగా వదిలేశారు. మా వీధిలో బోరు నీటికి కుంకుడుకాయ నురగ కూడా రాదు. బకెట్ల అంచులకు తెల్లటి పొర కడుతుంది. ఆ నీటితో స్నానం చేసే మా ఇంటి ఆడపిల్లల జుట్టు ఎలా ఉందో నేను కళ్లారా చూస్తున్నాను. అన్నిటికీ హార్మోన్లనే దోషులుగా నిలబెట్టడం ఈ రోజుల్లో ఒక అలవాటైపోయింది.

జవాబు: చర్మవైద్యురాలు, ఎంవీపీ కాలనీ

మాస్టారు గారి పరిశీలన తప్పు కాదు. కఠినజలం జుట్టును గరుకుగా, పెళుసుగా చేస్తుంది, మధ్యలో తెగేలా కూడా చేయవచ్చు. అయితే తెగిన వెంట్రుకకు కుదురు ఉండదు, పొడవు అసమానంగా ఉంటుంది. కుదురుతో సహా ఊడినదానికి చివర చిన్న తెల్లటి బొడిపె కనిపిస్తుంది. నీళ్లు పాపిడిని మాత్రమే ఎంచుకుని పలచన చేయవు, గడ్డం మీద వెంట్రుకలూ మొలిపించవు. చివరి మగ్గు మంచినీళ్లతో తల కడుక్కుంటే నునుపు నిలుస్తుంది, అంతవరకు చేయవచ్చు. బిగుతుగా వేసే జడ, తడి తలకు వేసే ముడి మాత్రం నిజంగా మానవలసినవి.

మధురవాడ అమ్మాయి మళ్లీ రాసింది:

అందరికీ కృతజ్ఞతలు. ప్యాకేజీ తీసుకోలేదు. గైనకాలజిస్టు గారు పరీక్షలన్నీ చూసి పీసీఓఎస్ అని నిర్ధారించారు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ బాగానే ఉన్నాయి. ఫెరిటిన్ తక్కువగా, చక్కెర హద్దు మీద ఉన్నాయి. గర్భనిరోధక మాత్రలు కొన్ని నెలలు వాడమన్నారు. ఇంట్లో ఇది విని బెంబేలెత్తిపోయారు, ఎందుకంటే వచ్చే ఏడాది పెళ్లి అనుకుంటున్నారు. ఆ మాత్రలు వాడితే తరువాత పిల్లలు పుట్టరని పిన్ని అంటోంది. తలకు రాసే మినాక్సిడిల్ గురించి కూడా భయంగానే ఉంది. జుట్టు కోసం ఇంత దూరం వెళ్లాలా అనిపిస్తోంది.

జవాబు: చర్మవైద్యురాలు, ఎంవీపీ కాలనీ

జుట్టు కోసం మాత్రమే అయితే అంత దూరం వెళ్లనవసరం లేదనే నేనూ అంటాను. కానీ ఏడాదికి నాలుగు సార్లు కూడా నెలసరి రాకపోతే గర్భాశయం లోపలి పొర మందమవుతూ పోతుంది, ఆ ముప్పు జుట్టు కన్నా పెద్దది. గర్భనిరోధక మాత్రలు నెలసరిని క్రమపరచడంతో పాటు అండాశయాల నుంచి వచ్చే ఆండ్రోజెన్లను తగ్గించి, ఎస్‌హెచ్‌బీజీని పెంచుతాయి. ఆపిన తరువాత గర్భధారణ శక్తిని అవి హరించవు. ఈ మాట మీ పిన్నిగారికి డాక్టరు గారి చేతనే చెప్పించండి. రక్తపోటు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే మాత్రం ముందే తెలియజేయాలి. పీసీఓఎస్ ఉన్నవారికి పిల్లలు పుట్టరన్నది కూడా అపోహ. అండం విడుదల ఆలస్యమయ్యే వారికి లెట్రొజోల్ వంటి మందులతో చికిత్స ఉంది, సహజంగా గర్భం దాల్చేవారూ చాలామంది ఉన్నారు.

మినాక్సిడిల్ హార్మోన్ల మీద పనిచేయదు. కుదుళ్లను పెరుగుదల దశలోకి తెచ్చి, ఆ దశలో ఎక్కువ కాలం నిలుపుతుంది. మొదలుపెట్టిన తొలి వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువగా రాలవచ్చు. అది పాత వెంట్రుకలు కొత్తవాటికి చోటివ్వడమే కాని మందు వికటించడం కాదు, అక్కడే చాలామంది భయపడి మానేస్తారు. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, మానేస్తే వచ్చినది మళ్లీ పోతుంది. నుదుటి మీదికి కారనివ్వకండి, అక్కడ కూడా నూగు మొలుస్తుంది. స్పైరనోలాక్టోన్ అనే మరో మందు ఆండ్రోజెన్లను అడ్డుకుంటుంది గానీ గర్భంలోని మగ శిశువుకు హాని చేయగలదు కాబట్టి, నమ్మకమైన గర్భనిరోధకం లేకుండా వాడకూడదు. పెళ్లి దగ్గర పడుతున్న మీకు దానిని నేను సూచించను. మినాక్సిడిల్ కూడా బిడ్డ కోసం ప్రయత్నించే ముందు ఆపాలి. ముఖం మీది వెంట్రుకలకు లేజర్ చేయించుకోవచ్చు, అయితే హార్మోన్లు అదుపులోకి రాకముందు చేయిస్తే మళ్లీ మొలుస్తాయి.

జవాబు: పెందుర్తి వంటింటి వైద్యం

మందుల సంగతి డాక్టరు గారు చెప్పారు కాబట్టి తిండి గురించి నాలుగు మాటలు. రాత్రి షిఫ్టుల్లో క్యాంటీన్ బిర్యానీ, తీపి టీలు మీద బతికే పిల్లలకు చక్కెర హద్దు మీదే ఉంటుంది మరి. మన వైపు చోడి (రాగి) అంబలి, సామలు ఎలాగూ ఉన్నాయి. అయితే చోడి కూడా పిండిపదార్థమే కాబట్టి అది మంచిదని గిన్నెలకొద్దీ తాగితే ప్రయోజనం ఉండదు, పక్కన పప్పో గుడ్డో చేపో ఉండాలి. ఇనుముకు ఆకుకూరలతో పాటు నిమ్మరసం పిండుకోండి, భోజనం కాగానే టీ తాగకండి. మా కోడలు బాలింతగా ఉన్నప్పుడు తెలగపిండి కూర విరివిగా పెట్టాను, జుట్టు ఊడటం ఆగలేదు, ఏడాదికి దానంతట అదే ఆగింది; కాబట్టి వంటింటికి లేని మహిమను నేను అంటగట్టను. గుంటగలగర నూనె రాసుకుంటే హాయిగా ఉంటుంది, అంతే.

జవాబు: చర్మవైద్యురాలు, ఎంవీపీ కాలనీ

పెందుర్తి సోదరి మాటకు ఒకటి చేరుస్తాను. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో ఇన్సులిన్ పనితీరు మెరుగై నెలసరి దారికి వస్తుంది. అయితే పెళ్లి చీరలో సన్నగా కనిపించాలని తిండి మానేసి రెండు నెలల్లో తగ్గితే, నేను మొదట చెప్పినట్టు జుట్టు కుప్పగా రాలడం సరిగ్గా పెళ్లి సమయానికి మొదలవుతుంది. ఉదయం వాహనాలు ఆపే వేళలో బీచ్ రోడ్డు మీద వేగంగా నడవండి, వారానికి రెండు రోజులు కండరాలకు బరువుల వ్యాయామం చేయండి. ఐరన్ మాత్రలు ఎంతకాలం వాడాలన్నది ఫెరిటిన్ మళ్లీ చూసి నిర్ణయిస్తారు. అప్పటిదాకా మూడు నెలలకొకసారి ఒకే కిటికీ వెలుతురులో, ఒకే చోట పాపిడి తీసి ఫొటో తీసుకుని ఉంచండి. రోజూ అద్దంలో చూసుకుంటే ఏ మార్పూ తెలియదు. గర్భనిరోధక మాత్రలు ఎప్పుడు ఆపాలో నిర్ణయించడానికి పెళ్లి ముహూర్తం ఖాయమైన వెంటనే మీ గైనకాలజిస్టు గారికి తెలియజేయండి.