కారు గాలి మిషన్‌కు వెయ్యి రూపాయల లోపు ఏమేం మార్చుకోవచ్చు?

పెన్నా గట్టు, నెల్లూరు

12 వోల్టుల మామూలు పోర్టబుల్ కంప్రెసర్. సింగిల్ సిలిండర్, పైన ముల్లు మీటరు, సిగరెట్ లైటర్ ప్లగ్గు, అర మీటరు పైపు, చివర మర తిప్పి బిగించే ఇత్తడి మూతి. మిషన్ బాగానే ఉండాది, తంటా అంతా దానికున్న సామానుతోనే. 33 పాయింట్లు కొట్టి మూతి విప్పేలోపు బుస్సుమని గాలి పోతుంది. వెనక టైర్ల దాకా అందదు. సాకెట్ ఫ్యూజు ఎగిరిపోతా ఉంది. మిషన్ మీటరు చూపేది ఒకటి, బంకులో చూపేది ఇంకొకటి.

కొత్తది కొనకుండా ఏం మారిస్తే లాభం? పంక్చర్ షాపుల్లో వాడే మీటరు గన్ను దీనికి తగిలించవచ్చా? ఇంట్లో ట్రాక్టరు కూడా ఉంది, దానికీ పనికొస్తే మేలు.

ఒంగోలు వైరింగ్

ముందు కరెంటు సంగతి చూడన్నా. చాలా కార్లలో సాకెట్ మూత మీద 12 వోల్టులు, 120 వాట్లు అని రాసి ఉంటుంది. అంటే 10 ఆంపియర్లు. ఈ రకం మిషన్లు టైరులో గాలి పెరిగేకొద్దీ ఎక్కువ లాగుతాయి, 12 ఆంపియర్లు దాటడం మామూలే. స్టార్టయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. ఎగిరిపోయిన ఫ్యూజు తీసి పెద్దది వేశావనుకో, ఈసారి కాలేది ఫ్యూజు కాదు, డ్యాష్‌బోర్డు వెనకాల వైరు. ఆ పని మాత్రం చెయ్యొద్దు.

సాకెట్‌ను వదిలేసి నేరుగా బ్యాటరీ నుంచి తీసుకో. కావాల్సింది ఎరుపు నలుపు క్రోకడైల్ క్లిప్పులు, బ్లేడు ఫ్యూజు హోల్డరు, 20 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు ఎంఎం మల్టీస్ట్రాండ్ రాగి వైరు. ఫ్యూజు హోల్డరు ప్లస్ క్లిప్పుకు జానెడు దూరం లోపే ఉండాలి. అటు మిషన్ దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని షార్టయినప్పుడు అది ఉన్నా లేనట్టే. ఎరుపు క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కు ముందు పెట్టి, నలుపుది ఇంజను మీద రంగు లేని ఇనుప భాగానికి పట్టించు. తీసేటప్పుడు నలుపు ముందు.

ప్లగ్గు మొనలో ఉండే స్ప్రింగే వేడెక్కి చుట్టూ ప్లాస్టిక్‌ను కరిగించేది. వారంటీ అయిపోయుంటే ప్లగ్గు కోసేసి ఎక్స్‌టీ60 కనెక్టరు సోల్డర్ చేసుకో. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతుంది, తిరగేసి పెట్టడానికి కుదరదు.

వెనక టైరు కోసం వైరు పొడిగించొద్దు. 3 మీటర్ల వైరంటే పోనూ రానూ 6 మీటర్ల రాగి. 1 ఎంఎం వైరయితే 12 ఆంపియర్ల దగ్గర 1.2 వోల్టులు దారిలోనే పోతాయి, 2.5 ఎంఎంలో అర వోల్టు. వోల్టేజీ తగ్గితే మోటారు నిదానిస్తుంది, గాలి పట్టడానికి ఎక్కువసేపు తిరగాలి, ఆ మేరకు వేడెక్కుతుంది. పొడిగించాల్సింది గాలి పైపు. ఇంజను ఆన్‌లో పెట్టి కొడితే 14 వోల్టుల దాకా అందుతుంది, కాకపోతే మూసిన షెడ్డులో వద్దు.

కావలి టైర్లు

పైపు దగ్గర ఒక జాగ్రత్త. మిషన్‌తో వచ్చిన పైపును కోయొద్దు. సిలిండర్ నుంచి గాలి బాగా కాలుతూ వస్తుంది, ఆ మొదటి ముక్క దాన్ని తట్టుకునే రబ్బరు. దాని స్థానంలో మామూలు ప్లాస్టిక్ పైపు పెడితే మెత్తబడి క్లిప్పు దగ్గర ఊడొస్తుంది. ఎక్స్‌టెన్షన్ పైపు తీసుకో: ఒక కొసన టైరు వాల్వ్ లాంటి మర, ఇంకో కొసన లివర్ చక్కు, అంటే టైరు వాల్వ్‌ను పట్టుకునే మూతి. పాత ఇత్తడి మూతి ఆ మరకు బిగించి అలాగే వదిలెయ్. ఇక టైరు దగ్గర లివర్ ఎత్తడం, దించడం, అంతే. తీసేటప్పుడు టప్‌మని ఒక్క చప్పుడు, పైపులో గాలి తప్ప టైరు గాలి పోదు.

రెడీమేడ్ దొరక్కపోతే లోపలి కొలత 6 ఎంఎం ఉన్న రబ్బరు ఎయిర్ హోసు 5 మీటర్లు, రెండు స్క్రూ క్లిప్పులు, ఒక చక్కు తెచ్చి మనమే చేసుకోవచ్చు. నెల్లూరు ఆటోనగర్‌లో వెతికితే అన్నీ దొరికే సరుకే. మరలకు టెఫ్లాన్ టేపు రెండు మూడు చుట్లు, మర తిరిగే దిక్కుకే చుట్టు. బిగించాక సబ్బునీళ్లు పూసి చూడు, బుడగ లేస్తే లీకు.

చక్కుల్లో ఓపెన్, క్లోజ్డ్ అని రెండు రకాలు. మనకు కావాల్సింది ఓపెన్. కొనేటప్పుడు పైపు వైపు నుంచి నోటితో ఊదు, గాలి అవతలికి వస్తే ఓపెన్. క్లోజ్డ్ చక్కు టైరుకు పెడితే తప్ప తెరుచుకోదు. ట్యాంకు ఉన్న షాపు కంప్రెసర్‌కు అదే సరైనది. మన మిషన్‌కు ట్యాంకూ లేదు, దానంతటదే ఆగే ఆటోకటాఫూ లేదు. దారి మూసుకుంటే గాలి పైపులోనే పేరుకుని ముల్లు సర్రున పైకి పోతుంది, పైపన్నా పగలాలి, మోటారన్నా ఆగిపోవాలి.

షాపు గన్ను వద్దనేది కూడా ఇందుకే. ట్రిగ్గర్ వదిలితే దారి మూసుకుంటుంది.

మీటరు తేడాకు సగం కారణం, మిషన్ తిరుగుతుండగా చూడటం. పైపులో గాలి పోతున్నప్పుడు మిషన్ వైపు ప్రెషర్ టైరులో కంటే ఎక్కువుంటుంది, పైపు సన్నగా పొడుగ్గా ఉంటే తేడా పెరుగుతుంది. ఆపి చూడాలి. మిగతా సగానికి విడిగా డిజిటల్ గేజి కొనుక్కోవడమే.

చీమకుర్తి డస్ట్

పైన చెప్పినవి సరే, గన్ను విషయంలో మాత్రం అంత భయం అక్కర్లేదు. మిషన్‌కు తగిలించకుండా విడిగా వాడుకో. టైరుకు పెడితే గేజి, మీట నొక్కితే ఎక్కువైన గాలి వదిలే పరికరం. కాస్త ఎక్కువ కొట్టి చల్లారాక సరిచేసుకునే వాళ్లకు బాగా పనికొస్తుంది.

గేజి మంచిదైనా చూసే వేళ తప్పయితే లాభం లేదు. పొద్దున 30 డిగ్రీల దగ్గర 33 పాయింట్లున్న టైరు 45 డిగ్రీలకు వేడెక్కితే 35 దాటుతుంది. రోహిణి కార్తె ఎండలో హైవే మీద వచ్చి అప్పుడే బంకులో చూసి, ఎక్కువుందని గాలి తీస్తే మర్నాడు పొద్దునకు తక్కువ పడుతుంది. బండి కదలకముందు చూడాలి.

గ్రానైటు దుమ్ము ఉన్న మా వైపు మిషన్‌ను నేల మీద పెట్టొద్దు. గాలి పీల్చే రంధ్రం కింది వైపే ఉంటుంది కొన్నింటికి. కారులో కాలి మ్యాట్ తీసి దాని మీద పెట్టినా చాలు. లోపలి స్పాంజి సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టు. సిలిండర్‌లో నూనె చుక్క వెయ్యమని ఎవరన్నా చెబితే వినొద్దు, ఇవి ఎక్కువగా నూనె లేకుండా తిరిగే రకం, నూనె తగిలితే దుమ్ము పట్టి రింగు అరుగుతుంది.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇంకోటి. అల్యూమినియం వాల్వ్‌కు ఇత్తడి మూత పెట్టి వదిలేస్తే ఉప్పుగాలికి రెండూ కరుచుకుపోతాయి, తర్వాత మూత కోసం వాల్వే మార్చాలి. ప్లాస్టిక్ మూతే నయం.

పెన్నా గట్టు, నెల్లూరు

క్లిప్పులు, పైపు, ఓపెన్ చక్కు, గేజి. ఈ వారం తెస్తా. ట్రాక్టరు సంగతి ఎవరూ చెప్పలా. వెనక టైర్లు 13.6-28, దమ్ముకు నీళ్లు నింపి ఉండాయి.

కావలి టైర్లు

ముందు టైర్లకు ఇబ్బంది లేదు. నీళ్లు లేని వెనక టైరు ఖాళీ నుంచి నింపాలంటే ఈ మిషన్ పని కాదు, పది పదిహేను నిమిషాలకోసారి ఆపి చల్లార్చాలి, పూటంతా పోతుంది. తగ్గింది కలుపుకోవడానికైతే పర్వాలేదు.

నీళ్లున్న టైరు లెక్క వేరు. ముప్పావు వంతు నీళ్లుంటే గాలికి మిగిలింది పావు జాగా. అందుకని చిన్న మిషన్‌తో కూడా ప్రెషర్ గబగబా పెరుగుతుంది, గేజి పెట్టి తీసేటప్పుడు కాస్త గాలి పోయినా పాయింటు పడిపోతుంది. కొట్టే ముందు చక్రం తిప్పి వాల్వ్‌ను సరిగ్గా పైకి తెచ్చుకో. కింద ఉంటే గాలికి బదులు నీళ్లు ఎగజిమ్మి చక్కులోకీ గేజిలోకీ పోతాయి. మిషన్ మీది 150 పాయింట్ల మీటరును దీనికి నమ్మొద్దు, దమ్ముకు పెట్టే పన్నెండు, పదిహేను పాయింట్లు అందులో ముల్లు కదిలీ కదలనట్టు ఉంటాయి. 30 పాయింట్ల లోపు చూపే గేజి వేరే ఉంచుకో. అందులోకి చెమ్మ పోయిందనిపిస్తే తలకిందులుగా పెట్టి ఆరబెట్టు.