రాత్రి బడికి డబ్బు ఆగిపోతోంది, ఎవరిని అడగాలి?

మారతహళ్లి వాసి:
బెంగళూరులో మా ఏరియాకి బిల్డింగ్ పనులకొచ్చిన అనంతపురం, కర్నూలు ఆడవాళ్లకి రాత్రిపూట చదువు చెప్తున్నాం. ఇన్నాళ్లూ ఒక సంస్థ రూం అద్దె, పుస్తకాలు, టీచర్‌కి ఎంతోకొంత ఇచ్చేది. ఇప్పుడేమో గవర్నమెంటు స్కీం ఉంది కదా, వాలంటీర్లతో నడుపుకోండి అని చేతులెత్తేసింది. వయోజన విద్యకి ప్రభుత్వం డబ్బు గట్టిగా ఇవ్వాలని సంతకాలు సేకరిస్తే పనవుతుందా? ఎవరికివ్వాలి?

బడ్జెట్ పిచ్చోడు:
సంతకాలు తర్వాత, ముందు లెక్క చూడండి. మీవాళ్లు చెప్పిన గవర్నమెంటు స్కీం, అంటే పెద్దవాళ్లకి చదువు నేర్పే ఉల్లాస్‌కి 2022 నుంచి 2027 దాకా మొత్తం 1037.90 కోట్లు, అందులో కేంద్రం వాటా 700 కోట్లు, లక్ష్యం 5 కోట్ల మంది. అంటే అయిదేళ్లకి కలిపి మనిషికి రెండొందల చిల్లర! అందుకే చెప్పేవాళ్లకి జీతం లేదు, అంతా సేవే. 2018 మార్చిలో ఆపేసిన పాత స్కీం సాక్షర భారత్‌లో ప్రేరక్‌లకి, అంటే చదువు కేంద్రాలు నడిపేవాళ్లకి, నెలకి 2000 అయినా ఉండేది. ఉల్లాస్ గడువు 2027 మార్చి వరకే కాబట్టి, తర్వాతి స్కీంలో టీచర్‌కి గౌరవ వేతనం పెట్టమనే ఒక్క మాట మీద నిలబడండి, పది డిమాండ్లు రాస్తే ఎవరూ చదవరు. కాగితం మీ ఎంపీకి ఇచ్చి పార్లమెంటులో ప్రశ్న వేయమనండి.

సూటిగా సుత్తి లేకుండా:
యాభై ఏళ్లవాళ్లకి అఆలెందుకు సార్, ఆ డబ్బేదో పిల్లల బడులకి పెట్టొచ్చు. ఇప్పుడు ఫోనే చదివి వినిపిస్తోంది.

నెల్లూరమ్మాయి:
ఫోన్ చదువుతుంది సరే, మేస్త్రీ హాజరు పుస్తకంలో ఎన్ని రోజులు రాశాడో అది చూసి చెప్తుందా? మా జిల్లా దూబగుంటలో సారా మీద ఆడవాళ్లు తిరగబడింది 90ల మొదట్లో రాత్రి బడుల్లో చదివిన పాఠాలతోనే, 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం దాకా వెళ్లింది. అది రెండేళ్లకే సడలించారనుకోండి, వేరే కథ.

మారతహళ్లి వాసి:
థాంక్స్ అండీ. ఇంకో చిక్కు, మావాళ్లు తెలుగు కాదు, కన్నడం నేర్పమంటున్నారు, బస్సు బోర్డు చదవాలని.

బడ్జెట్ పిచ్చోడు:
మంచిదేగా, ఇక్కడి ఎమ్మెల్యే దగ్గర కన్నడం అంటే మాట చెల్లుతుంది. దాంతోపాటు కర్ణాటకలో వయోజన విద్య చూసే లోక శిక్షణ నిర్దేశనాలయానికి ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టండి, మీ జిల్లాకి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని. ఫీజు 10 రూపాయలు. కర్ణాటకలో 150 పదాలు దాటకూడదు, ఒకే విషయం అడగాలి, లేదంటే తిప్పి పంపుతారు. డ్రాఫ్ట్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.